బోడకాకర ఎప్పుడొస్తుంది? పిల్లలతో సంతకు ఒక పూట



ఈ నెల పాఠం పుస్తకంలో లేదు. మన ఊరి సంతలో ఉంది. రోడ్డు పక్కన గోనెసంచి పరుచుకుని నాలుగు కుప్పలు పోసుకుని కూర్చున్న రైతు దగ్గర ఉంది. మీరూ మీ పిల్లలూ కలిసి ఒక్క పూటలో నేర్చుకోగలిగిన పాఠం ఇది. దీన్ని ఎందుకు ఎంచుకున్నామో ముందు చెబుతాం.

కిందటి వానాకాలంలో ఒకరోజు నాలుగో తరగతి పిల్లలు మధ్యాహ్నం టిఫిన్ బాక్సులు విప్పారు. ఒక పాప బాక్సులో అన్నం, బోడకాకర వేపుడు. పక్కనున్న బాబు తొంగి చూసి, "ఇదేంటి, ముళ్లకాయ తింటున్నావా?" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. పాప మూత పెట్టేసింది. ఆ పూట ఇక తినలేదు.

క్లాస్ టీచర్ అది గమనించారు కానీ ఎవరినీ కోప్పడలేదు. మర్నాడు అరకిలో బోడకాకర కొని తెచ్చి, బెంచీకి రెండు కాయల చొప్పున ఇచ్చి, "దీని గురించి ఎవరికేం తెలిస్తే అది చెప్పండి" అన్నారు. పచ్చగా ఉందన్నారు కొందరు. గుచ్చుకుంటుందేమో అనుకున్నాం, గుచ్చుకోవడం లేదన్నారు మరికొందరు. పాప వంతు వచ్చింది.

"వానలు పడ్డాకే వస్తుంది టీచర్. తీగ పొదల మీదికి పాకుతుంది. కింద భూమిలో గడ్డ ఉంటుంది. ఆ గడ్డను తవ్వకూడదు, తవ్వితే మళ్లీ ఏడు తీగ రాదు. కొన్ని తీగలకు పూలే పూస్తాయి, కాయలు కాయవు. అవి మగతీగలని మా అమ్మమ్మ చెప్పింది."

క్లాసంతా నిశ్శబ్దమైపోయింది. పాప చివర చెప్పిన మాట మేం పెద్ద తరగతుల బయాలజీలో చెప్పేది. నాలుగో తరగతి పాపకు అది అప్పటికే తెలుసు. వాళ్ల అమ్మమ్మ సంతలో బోడకాకర అమ్ముతుందని ఆ రోజే మాకు తెలిసింది.

నవ్విన పిల్లలు చెడ్డవాళ్లు కారు. వాళ్లకు ఆ కాయ తెలియదు, అంతే. అడవి అంచున ఉన్న ఊళ్లో పెరుగుతూ, ఆ అడవి ఏ నెలలో ఏం ఇస్తుందో తెలియకుండా పెద్దవాళ్లవుతున్నారు. యాపిల్ బొమ్మ చూపిస్తే వెంటనే పేరు చెప్పే పిల్లలు మొర్రిపండును చూస్తే తెల్లమొహం వేస్తున్నారు. ఈ లోటు తీర్చడం బడి ఒక్కదానివల్ల అయ్యే పని కాదు. మీ తోడు కావాలి.

ఈ పాఠం ఏం నేర్పుతుంది

రెండే విషయాలు. మొదటిది, తిండికి ఒక కాలం ఉంటుంది. రెండోది, ఆ తిండి వెనుక దాని సంగతి తెలిసిన మనిషి ఉంటారు. సూపర్ మార్కెట్లో ఈ రెండూ కనబడవు. అక్కడ పన్నెండు నెలలూ అవే కూరగాయలు, అదే ప్యాకింగ్, అదే బార్‌కోడ్. దాన్ని తప్పు పట్టడం లేదు, మనమందరం అక్కడ కొంటూనే ఉంటాం. కానీ అక్కడ పిల్లలు ప్రశ్న అడగడానికి ఎవరూ ఉండరు. సంతలో ఉంటారు.

ఇల్లందుకు పాత పేరు బొగ్గుట్ట. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఈ ప్రాంతంలో బొగ్గును గుర్తించారు. 1889లో తవ్వకం మొదలైంది. ఆ తర్వాత సింగరేణి పేరు దేశమంతా తెలిసింది. బొగ్గంటే ఏమిటో మన పిల్లలకు పాఠంలో ఉంది. పాతిక కోట్ల ఏళ్లకు పైగా వెనక, నేలలో కూరుకుపోయిన అడవే నేటి బొగ్గు. అంటే ఎప్పుడో కూరుకుపోయిన అడవి వల్ల మన ఊరికి పేరొచ్చింది. ఇప్పుడు చుట్టూ బతికున్న అడవి గురించి మాత్రం మన పిల్లలకు అంతగా తెలియదు. ఈ పాఠం అక్కడ మొదలవుతుంది.

మన చుట్టూ ఏ కాలంలో ఏం వస్తుంది

ఈ పట్టికను చదివి వినిపించకండి. పిల్లలు ముందు తమకు తెలిసింది రాయనివ్వండి, తర్వాత దీంతో సరిచూసుకోనివ్వండి. వానలు ముందూ వెనకా అయితే ఈ నెలలు కూడా అటూ ఇటూ అవుతాయి. ఆ తేడాను గమనించడం కూడా పాఠమే.

జూన్, జులై: అల్లనేరేడు పండ్లు, చివరి మామిడి, తొలకరి ఆకుకూరలు. వానలు నిలదొక్కుకున్నాక వెదురు కొమ్ములు.

జులై నుంచి సెప్టెంబర్: బోడకాకర, పుట్టగొడుగులు, లేత మొక్కజొన్న కంకులు, గోంగూర, బీర, సొర.

సెప్టెంబర్ నుంచి నవంబర్: కొత్త పెసలు, బొబ్బర్లు, సీతాఫలాలు. బతుకమ్మకు తంగేడు, గునుగు పూలు ఏరుకొచ్చే రోజుల్లోనే సీతాఫలం గంపలూ కనిపిస్తాయి.

నవంబర్ నుంచి జనవరి: ఉసిరికాయలు, తేగలు, చిక్కుడు, పచ్చి కందికాయలు, అనపకాయలు, కొత్త బియ్యం, సంక్రాంతి నాటికి రేగుపండ్లు.

ఫిబ్రవరి, మార్చి: కొత్త చింతపండు, ఎండుమిర్చి. మార్చి వచ్చేసరికి ఇప్పపువ్వు రాలడం మొదలవుతుంది.

ఏప్రిల్, మే: మొర్రిపండ్లు, తునికిపండ్లు, తాటిముంజలు, చింతచిగురు, మామిడి.

ఈ పట్టికను మన ప్రాంతంలో కాగితం మీద రాసుకోకుండానే పాటించేవాళ్లు ఉన్నారు. కోయ గూడేల్లో కొత్త పంట గానీ కొత్త కాయ గానీ చేతికొస్తే వెంటనే నోట్లో వేసుకోరు. ముందు దేవతలకు పెట్టి, ఊరంతా కలిసి పండుగ చేసుకుని, ఆ తర్వాతే తింటారు. వీటిని కొత్తల పండుగలంటారు. ఇందులో భక్తి ఉంది, దాంతోపాటు ఒక తెలివీ ఉంది. పండుగ దాకా ఎవరూ తెంపకపోతే కాయ ముదురుతుంది, గింజ గట్టిపడుతుంది, అడవికి మళ్లీ మొక్క దొరుకుతుంది. మొర్రిపండ్ల విషయంలో ఇది బాగా తెలుస్తుంది. సారపప్పు వచ్చేది ఆ పండు గింజలోంచే. ఎక్కువ ధర వస్తుందని పచ్చికాయలు దూయడం, కొమ్మలు నరకడం మొదలైన చోట మొర్రి చెట్లు తగ్గిపోతాయి.

ఎక్కడికి వెళ్లాలి

వారపు సంత: మొదటిసారికి ఇదే మంచిది. గుండాల, ఆళ్లపల్లి, టేకులపల్లి వైపు పల్లెల్లో, తండాల్లో పండినవీ, అడవిలో ఏరినవీ ఒకేచోట చూడొచ్చు. మీకు దగ్గర్లోని సంత ఏ రోజో మీరు చెప్పకండి. ఇంట్లో పెద్దవాళ్లనో, ఆటో అన్ననో అడిగి పిల్లలే తెలుసుకోవాలి. అదే ఈ పాఠంలో మొదటి హోంవర్క్.

రోడ్డు పక్క రైతులు: పొలం గట్టునే బొప్పాయిలు, కంకులు, దోసకాయలు పెట్టుకుని అమ్మేవాళ్లుంటారు. వాళ్లు ఒప్పుకుంటే వెనకున్న చేనును కూడా చూడొచ్చు. అనుమతి లేకుండా చేలో అడుగు పెట్టొద్దని పిల్లలకు ముందే చెప్పండి.

గిరిజన సహకార సంస్థ అమ్మకాలు: జీసీసీ అని మనం పిలిచే ఈ సంస్థ 1956లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. గిరిజనులు సేకరించిన తేనె, చింతపండు, ఇప్పపువ్వు, కరక్కాయ, కుంకుడుకాయల వంటివి కొని మార్కెట్‌కు చేర్చడం దీని పని. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఇక్కడ ఒక సోషల్ పాఠం నేర్చుకోవచ్చు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం అడవిలో నివసించే గిరిజనులకు, ఇతర అటవీ వాసులకు చిన్నతరహా అటవీ ఉత్పత్తులను సేకరించి, వాడుకుని, అమ్ముకునే హక్కు ఉంది. సంతలో ఇప్పపువ్వు అమ్మే అమ్మ ఆ హక్కును వాడుకుంటోందని పిల్లలకు చెప్పండి. చట్టం అప్పుడు బట్టీ పట్టే వాక్యంలా ఉండదు.

రైతు బజార్: ఖమ్మం వెళ్లినప్పుడు రైతు బజార్‌లో ఒక గంట గడపండి. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకం మొదలైంది. దళారి లేకుండా రైతే నేరుగా అమ్మాలి, ఆనాటి ధరలు బోర్డు మీద అందరికీ కనబడాలి అన్నది దాని ఉద్దేశం. ఆ బోర్డును పిల్లలు నోట్‌బుక్‌లో రాసుకుంటే ఇంటికొచ్చాక లెక్కలు చేయడానికి పనికొస్తుంది.

వెళ్లే ముందు

ఒక నోట్‌బుక్, పెన్సిల్, రెండు గుడ్డసంచులు, మంచినీళ్లు, చిల్లర నోట్లు పెట్టుకోండి. ఉదయాన్నే బయల్దేరండి. ఎండ ఎక్కితే ఆకుకూర వాడుతుంది, పిల్లలూ అలసిపోతారు.

ఒక్కొక్కరి చేతికి యాభయ్యో వందో రూపాయలు ఇచ్చి ఒక షరతు పెట్టండి. "ఇంతకుముందు మన ఇంట్లో ఎప్పుడూ వండనిది ఒకటి కొనాలి. దాన్ని ఎలా వండాలో అమ్మినవాళ్లనే అడిగి తెలుసుకోవాలి." డబ్బు చేతిలో ఉంటే పిల్లలు జాగ్రత్తగా చూస్తారు, ధైర్యంగా అడుగుతారు.

ఎలా పిలవాలో కూడా ముందే చెప్పండి. "ఏయ్, ఇదెంత?" అనకుండా, వయసును బట్టి అవ్వా, తాతా, పెద్దమ్మా, అక్కా అని పిలవాలి. ఫొటో తీయాలనిపిస్తే ముందు అడగాలి. వద్దంటే ఫోన్ జేబులో పెట్టేయాలి.

సంతలో చేయాల్సిన పనులు

ఒకటి నుంచి మూడో తరగతి పిల్లలకు: ఐదు రంగులు వెతకాలి, ఐదు వాసనలు చూడాలి. ఆకు, కాయ, గింజ, దుంప, పువ్వు ఒక్కొక్కటి చూపించాలి. మనం తినే పువ్వు ఏదని అడగండి. ఎండిన ఇప్పపువ్వు కనిపిస్తే ఆ చిన్నారికి అదే బహుమతి.

నాలుగు, ఐదు తరగతులకు: ఏవైనా మూడు రకాలు ఎంచుకుని అమ్మేవాళ్లను నాలుగు ప్రశ్నలు అడగాలి. ఇది ఎక్కడ పండింది? ఎప్పుడు తెంపారు? ఇంకెన్నాళ్లు దొరుకుతుంది? మీ ఇంట్లో ఎలా వండుతారు? నోట్‌బుక్‌లో తెలుగు పేరు, ఇంగ్లిష్ పేరు, అమ్మేవాళ్ల ఇంటి భాషలో పేరు అని మూడు వరుసలు గీసుకోవాలి. ఇల్లందు సంతలో కోయ, లంబాడీ భాషలు వినిపిస్తాయి. కోయ మన తెలుగులాగే ద్రావిడ భాష, గోండికి దగ్గరిది. లంబాడీ మాట రాజస్థాన్ వైపు భాషలకు దగ్గర. మూడో వరుస నింపుకొచ్చిన పిల్లలకు మేం క్లాసులో చప్పట్లు కొట్టిస్తాం.

ఆరు, ఏడు తరగతులకు: లెక్క. సంతలో చాలావరకు కుప్పలు పోసి అమ్ముతారు. బోడకాకర కుప్ప ముప్పై రూపాయలు అనుకుందాం. ఇంటికొచ్చి తూచితే 200 గ్రాములు ఉంది. అప్పుడు కిలో ధర ఎంత? 150 రూపాయలు. ఇలా కొన్నవాటన్నిటికీ కిలో ధర కట్టాలి. పాత కొలతలు కనిపిస్తే ఇంకా మంచిది. నాలుగు గిద్దెలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ. రెండు అడ్డలు ఒక కుంచం. అయితే కుంచానికి గిద్దెలెన్ని? 64. అంటే రెండును ఆరుసార్లు హెచ్చించిన సంఖ్య. ఏడో తరగతి ఘాతాంకాల పాఠాన్ని మన తాతమ్మలు బియ్యం కొలుస్తూ వాడారని పిల్లలకు చెప్పండి.

ఎనిమిది నుంచి పదో తరగతికి: సోలెడు పెసలు, సోలెడు అటుకులు విడివిడిగా తూచి, బరువు ఎందుకు తేడా వచ్చిందో వివరించాలి. సాంద్రత పాఠం అదే. ఇంకో పని: రైతు చేతికి వచ్చే డబ్బులో విత్తనం, ఎరువు, కూలీ, ఆటో ఖర్చు ఏమేం పోతాయో మర్యాదగా అడిగి రాయాలి. ఇబ్బంది పడితే అక్కడితో ఆపాలి.

ఇక బేరం సంగతి. షాపింగ్ మాల్‌లో బిల్లు ఎంత వస్తే అంత కట్టి, సంతలో కొత్తిమీర కట్ట దగ్గర ఐదు రూపాయలకు గట్టిగా పట్టుబడితే పిల్లలు రెండూ చూస్తారు. ధర ఎక్కువనిపిస్తే అడగడంలో తప్పు లేదు. ఎలా అడుగుతామన్నదే పిల్లలు నేర్చుకుంటారు.

కాలం వెనుక సైన్స్

బోడకాకర: పాప చెప్పింది అక్షరాలా నిజం. ఈ తీగకు భూమిలో గడ్డ ఉంటుంది. ఎండాకాలంలో తీగ ఎండిపోయినా గడ్డ నిద్రలో ఉంటుంది. వాన తడి తగలగానే మొలకెత్తుతుంది. అందుకే ఇది వానాకాలపు కాయ. శాస్త్రీయ నామం మొమోర్డికా డయోయికా. రెండో మాటకు గ్రీకు మూలంలో రెండు ఇళ్లు అని అర్థం. ఆడపూలు ఒక తీగకు, మగపూలు వేరే తీగకు పూస్తాయి కనుక ఆ పేరు. మనం పెరట్లో పెంచే మామూలు కాకరకు రెండు రకాల పూలూ ఒకే తీగకు పూస్తాయి. బొప్పాయిలోనూ ఆడ, మగ చెట్లు వేరుగా ఉంటాయి. మగతీగ కాయదు కదా అని దాన్ని పీకేస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్న మీ పిల్లల్ని అడగండి.

మొక్కజొన్న: తెంపిన కంకిలోని తీపి అలాగే ఉండిపోదు. గింజల్లోని చక్కెర పిండిపదార్థంగా మారుతూ ఉంటుంది. వేడిలో ఉంచితే ఇంకా త్వరగా మారుతుంది. ఉదయం తెంపిన కంకి ఒకటి, రెండు రోజులు బయట ఉంచిన కంకి ఒకటి ఉడకబెట్టి, కళ్లు మూసుకుని రుచి చూడమనండి. పక్క చేను కంకి ఎందుకు తియ్యగా ఉంటుందో నాలుకే చెబుతుంది.

సీతాఫలం: కాయ మీద కళ్లు విచ్చుకుని, వాటి మధ్య గీతలు తెల్లబడితే ముదిరినట్టు. అప్పుడు తెంపితే నాలుగైదు రోజుల్లో మగ్గుతుంది. మగ్గాక ముట్టుకుంటే చితికిపోయేంత మెత్తన. ఫ్రిజ్‌లో పెడితే తొక్క నల్లబడుతుంది. దూరం పంపడానికి ఇంత ఇబ్బంది పెట్టే పండు కాబట్టే, చెట్టుకు దగ్గరగా ఉన్నవాళ్లు దాన్ని బాగా తినగలరు. ఆ అదృష్టం మనది.

ఇప్పపువ్వు: రాత్రివేళ, తెల్లవారుజామున రాలుతుంది. అందుకే ఏరేవాళ్లు చీకటితోనే అడవికి వెళ్తారు. పువ్వు కనబడాలని చెట్టు కింద ఎండుటాకులకు నిప్పు పెడితే అది అడవికే అంటుకునే ప్రమాదం ఉంది. చెట్టు కింద వల కడితే నిప్పు అవసరం ఉండదు, పువ్వుకు మట్టీ అంటదు.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న. లోకల్ అంటే ఇక్కడే పుట్టిందని అర్థమా? ఖమ్మం పేరు చెబితే గుర్తొచ్చే మిర్చి, మనం కాల్చుకు తినే మొక్కజొన్న, దసరా నాటి సీతాఫలం, ఈ మూడూ అమెరికా ఖండాల నుంచి సముద్రాలు దాటి వచ్చినవే. ఇప్ప, మొర్రి, తునికి, ఉసిరి, బోడకాకర మన నేలవి. తొమ్మిదో తరగతి పిల్లలు పటం మీద ఈ ప్రయాణాలు గీయొచ్చు.

జాగ్రత్తలు

అడవిలో పుట్టగొడుగులు పిల్లల చేత కోయించకండి, మీరూ కోయకండి. విషపు రకాలు మంచివాటిలాగే ఉంటాయి. వెండి చెంచా నల్లబడితే విషమనే పరీక్షలను నమ్మడానికి లేదు. తరతరాలుగా ఏరుతున్న, మీకు బాగా నమ్మకమున్నవాళ్ల దగ్గరే కొనండి. తిన్నాక వాంతులు, విరేచనాలు అయితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఏడాది నిండని పసిపిల్లలకు తేనె పెట్టొద్దు, ఎంత స్వచ్ఛమైనదైనా సరే. సీతాఫలం గింజలు నమలొద్దు, నూరొద్దు. ఆ పొడి కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. పేలకని ఆ గింజల ముద్దను తలకు పట్టించే అలవాటు ఉంటే మానేయండి.

సంతలో కొన్నదంతా పురుగుమందులు తగలనిదని అనుకోవద్దు. మన చుట్టూ పత్తి, మిర్చి చేలున్నాయి, వాటికి మందులు కొడతారు. "దీనికి మందు కొట్టారా, కొట్టి ఎన్నాళ్లైంది?" అని నెమ్మదిగా అడగొచ్చు. ఏం కొన్నా ధారగా పడే నీళ్లలో రుద్ది కడగండి. మామిడి కాలంలో ఇంకో మాట. కాల్షియం కార్బైడ్‌తో పండ్లు మగ్గబెట్టడం మన దేశంలో చట్టప్రకారం నిషేధం. కాలానికి ముందే పసుపు పచ్చగా మెరిసే పండు కన్నా, ముదురు కాయలు కొని ఇంట్లో వరిగడ్డిలో మగ్గబెట్టుకోవడం మేలు. రోజూ గడ్డి తీసి చూడటం పిల్లలకు సరదా కూడా.

ఇంటికి వచ్చాక

కొన్నది ఆ రోజే వండండి, పిల్లల చేత ఏదో ఒక పని చేయించండి. బోడకాకర అయితే కడిగి, చక్రాల్లా తరిగి, గింజలు ముదిరితే తీసేసి, నూనెలో ఉప్పు, పసుపు వేసి వేయించి, దించే ముందు ఎల్లిపాయ కారం చల్లితే చాలు. మామూలు కాకరలా చేదుండదు కాబట్టి మొదటిసారి తినే పిల్లలూ ఇష్టపడతారు. నచ్చకపోతే బలవంతం వద్దు. ఒక్క ముద్ద రుచి చూసి, ఎందుకు నచ్చలేదో నోట్‌బుక్‌లో రాస్తే సరిపోతుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు పెద్దవాళ్లు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, దాంతోపాటు 100 గ్రాముల పండ్లు తినాలని సూచిస్తున్నాయి. మీ ఇంట్లో ఒక రోజు తిన్నది తూచి చూడమని పిల్లలకు చెప్పండి. ఆ లెక్క చూసి ముందుగా ఆశ్చర్యపోయేది మనమే కావచ్చు.

తర్వాత నోట్‌బుక్‌లో పన్నెండు పేజీలు కేటాయించండి, నెలకొకటి. ఈ నెల పేజీలో సంతలో చూసినవి రాయాలి, ఒక బొమ్మ వేయాలి. మిగతా పదకొండు పేజీలు ఖాళీగానే ఉండనివ్వండి. ఇంటర్నెట్‌లో చూసి నింపొద్దు. ఆ నెల వచ్చినప్పుడు, మళ్లీ సంతకు వెళ్లినప్పుడే నిండాలి. ఏడాది తిరిగేసరికి మీ ఇంట్లో మన ప్రాంతపు తిండి పంచాంగం తయారవుతుంది. అమ్మమ్మ, నానమ్మ ఉన్న ఇళ్లలో వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుంటే అది ఇంకా చిక్కగా వస్తుంది.

నెలాఖరులోగా నోట్‌బుక్ క్లాస్ టీచర్‌కు పంపండి. మార్కులు లేవు. చక్కటి చేతిరాత, రంగుల బొమ్మలు కూడా మేం చూడబోవడం లేదు. మూడు పేర్లు, మూడు ప్రశ్నలకు జవాబులు, ఆ జవాబులు ఎవరి నోట విన్నారో ఒక వాక్యం. అంతే చాలు. సంతలో అమ్మే కుటుంబాల నుంచి మా బడికి వచ్చే పిల్లలు కొనడానికి వెళ్లనక్కర్లేదు. ఇంట్లో తెలిసింది రాసుకొస్తే క్లాసుకు వాళ్లే ఆ రోజు టీచర్లు.

మొదట చెప్పిన పాప సంగతి. ఆ వారం చివర్లో నవ్విన బాబు వాళ్ల నాన్నతో సంతకు వెళ్లాడట. సోమవారం పాప దగ్గరికి వచ్చి, "మీ అమ్మమ్మ ఎక్కడ కూర్చుంటుంది? మాకు దొరకలేదు" అన్నాడు. పాప చెప్పింది. "చింతచెట్టు కింద. కానీ పొద్దున్నే రావాలి. తొమ్మిది దాటితే అయిపోతాయి."

ఈ వారం మీరూ పొద్దున్నే బయల్దేరండి.